చదువు ఆటలో అరటిపండు అయితే ఎలా?

హన్మకొండ నుంచి ఇంకో ఎపిసోడ్. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే కంగారు పడకండి, అది కింది పోర్షన్ వాళ్లది.

ఈ రోజు టాపిక్ గేమ్స్. ఆడొచ్చా, ఆడకూడదా అనే పంచాయితీ కాదు. అది మీ ఇంట్లో రోజూ నడుస్తూనే ఉంటుంది, అందులో నేను కొత్తగా చెప్పేదేం లేదు. నేను మాట్లాడేది వేరే. వీడియో గేమ్స్‌తో నిజంగా ఏదైనా నేర్పొచ్చా? లెక్కలు, ఇంగ్లిష్, డ్రైవింగ్, ఆఖరికి కంటి ఆపరేషన్ అయినా సరే. నేర్పొచ్చు అనే నేనంటా. కానీ ‘ఎడ్యుకేషనల్’ అని బోర్డు తగిలించుకున్న గేమ్స్ నేను చాలా ఇన్‌స్టాల్ చేసి చూశా. వాటిల్లో చాలావరకు ఏమీ నేర్పవు. ఎందుకు నేర్పవు అనేదే ఈ ఎపిసోడ్.

చిన్నప్పుడు గల్లీలో ఆడుకునేటప్పుడు ‘ఆటలో అరటిపండు’ అని ఒకడు ఉండేవాడు, గుర్తుందా? బుడ్డోడు. వాణ్ని ఆటలోకి తీసుకోకపోతే ఏడుస్తాడు, ఇంటికెళ్లి చెప్పేస్తాడు. తీసుకుంటే ఆట పాడవుతుంది. అందుకని తీసుకున్నట్టే తీసుకుంటాం. వాడు అందరితో పాటు ఉరుకుతాడు, అరుస్తాడు. దొరికినా వాడు ఔట్ కాడు, వాడు ముట్టుకున్నా ఎవరూ ఔట్ కారు. పాపం వాడికి ఆ సంగతి తెలియదు. వాడు ఉన్నా లేకున్నా ఆటకి తేడా లేదు.

చదువు గేమ్స్‌లో చదువు పరిస్థితి సరిగ్గా అదే.

మా అక్క కొడుకు మూడో తరగతి. వాడికి ఎక్కాలు రావట్లేదని మా అక్క ఒక గేమ్ వేసిచ్చింది. స్క్రీన్ మీద బెలూన్లు పైకి పోతుంటాయి, కింద ‘7 ఇంటూ 8’ అని వస్తుంది. నాలుగు బెలూన్ల మీద నాలుగు అంకెలు. 56 ఉన్న బెలూన్ పగలగొట్టాలి. రెండు వారాల్లో వాడు ఎక్కడికో వెళ్లిపోయాడు, హైస్కోర్ మీద హైస్కోర్. అక్క ఫుల్ హ్యాపీ. నేను ఒకరోజు పక్కన కూర్చుని చూశా. వాడు ప్రశ్న చదవట్లేదండి. నాలుగు వేళ్లు పెట్టి నాలుగు బెలూన్లూ టపటపా పగలగొట్టేస్తున్నాడు. తప్పు బెలూన్ పగిలితే పాయింట్లు పోవు. కరెక్ట్‌ది పగిలితే పది వస్తాయి. ఇంకేం కావాలి? ‘ఏందిరా అల్లుడూ ఇది’ అంటే, ‘మామా, గిట్ల కొడితే జల్దీ అయితది’ అన్నాడు.

వాడిది తెలివితక్కువతనం కాదు. ఆ గేమ్ రూల్ ఏం అడుగుతోందో అది పక్కాగా నేర్చుకున్నాడు. ఫాస్ట్‌గా నొక్కమంది, నొక్కాడు. ఎక్కాలు అక్కడ అరటిపండు.

దీన్ని పట్టుకోవడానికి నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. గేమ్‌లోంచి పాఠం తీసేసి ఆ ప్లేస్‌లో ఇంకోటి పెట్టి చూడండి. ఎక్కాల బదులు రాష్ట్రాల రాజధానులు పెట్టండి, పక్షుల పేర్లు పెట్టండి. గేమ్ ఇసుమంత కూడా మారకుండా అలాగే నడిచిందనుకోండి, ఆ గేమ్‌కీ ఆ పాఠానికీ సంబంధం లేనట్టే. పాఠం గోడకి అంటించిన పోస్టర్ లాంటిది. ఈ పరీక్ష యాప్‌లకే కాదు, మన అమ్మమ్మల కాలం ఆటలకీ పనిచేస్తుంది.

వైకుంఠపాళి తీసుకోండి. పాములూ నిచ్చెనలూ. పాములకి రాక్షసుల పేర్లు, పాపాల పేర్లు. నిచ్చెనలకి పుణ్యాల పేర్లు. పైన పరమపదం. చూడ్డానికి ఫుల్ నీతిపాఠం. కానీ ఆడేవాడు ఏం చేస్తాడు? గవ్వలు వేస్తాడు. పడ్డ అంకె ప్రకారం పోతాడు. వాడు ఏ పుణ్యమూ చేయలేదు, నిచ్చెన ఎక్కాడు. ఏ పాపమూ చేయలేదు, పెద్ద పాము నోట్లో పడి కిందికొచ్చాడు. బొమ్మ చెప్పేది ఒకటి, రూల్ చెప్పేది ఇంకోటి. ‘నీ చేతిలో ఏం లేదు, పడ్డది భరించు’ అని రూల్ చెప్తోంది. అది కూడా ఒక పాఠమే అనుకోండి, అమ్మమ్మలు దాన్నే నేర్పాలనుకున్నారేమో కూడా. నాకైతే ఆ పాముల పేర్లు ఒక్కటీ గుర్తులేదు, పైదాకా పోయి కింద పడ్డప్పుడు వచ్చిన కోపం మాత్రం గుర్తుంది.

ఇప్పుడు వామనగుంటలు. మన దగ్గర ఓనగుంటలు అని కూడా అంటారు. వరసకి ఏడు చొప్పున రెండు వరసలు, 14 గుంటలు, చింతగింజలు. ఒక గుంటలో గింజలన్నీ తీసి, ఒక్కోటీ పంచుకుంటూ పోవాలి. చివరి గింజ ఎక్కడ పడుతుంది, దాని పక్క గుంట ఖాళీనా కాదా అనే దాని మీదే మీకు గింజలు దక్కడం ఉంటుంది. దీనిమీద ‘లెక్కలు నేర్చుకోండి పిల్లలూ’ అని ఎక్కడా రాసి లేదు. కానీ లెక్కపెట్టకుండా ఒక్క ఎత్తు కూడా వేయలేరు. ఎదురుగా మీ నానమ్మ కూర్చుని, చూపుతోనే గుంటలన్నీ లెక్కేసి మీ గింజలు ఊడ్చేస్తుంటే మీరూ చచ్చినట్టు ముందుకు లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఇందులోంచి లెక్క తీసేస్తే ఆటే లేదు. లెక్కే ఇక్కడ అసలు ఆటగాడు.

ఇంక పెద్దవాళ్ల ట్రైనింగ్‌కి వద్దాం. ఇక్కడ గేమ్స్ ఎప్పుడో గెలిచేశాయి, కాకపోతే వాటిని గేమ్స్ అనరు, సిమ్యులేటర్లు అంటారు. పేరు మారిస్తే గౌరవం పెరుగుతుంది కదా.

మొదటి ఫ్లైట్ సిమ్యులేటర్ కథ నాకు చాలా ఇష్టం. అమెరికాలో ఎడ్విన్ లింక్ అని ఒకాయన. వాళ్ల కుటుంబానిది పియానోలు, ఆర్గన్లు తయారు చేసే వ్యాపారం. ఆర్గన్‌లో గాలి కొట్టే తిత్తులు ఉంటాయి. ఆ తిత్తులతోనే 1929లో నేలమీదే ఊగే, వంగే ఒక చిన్న బొమ్మ విమానం చేశాడు. పైలట్ ట్రైనింగ్‌కి ఉపయోగపడుతుందని ఆయన మొత్తుకున్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎక్కువగా కొన్నది ఎవరంటే ఎగ్జిబిషన్లు పెట్టే వాళ్లు, అమ్యూజ్‌మెంట్ పార్కుల వాళ్లు. మన నుమాయిష్‌లో జెయింట్ వీల్ పక్కన పెట్టినట్టు. 1934లో అమెరికా సైన్యానికి టపా మోసే పని అప్పజెప్పారు. మంచు, మబ్బులు, రాత్రిళ్లు. కొన్ని వారాల్లోనే పైలట్లు వరసగా కూలిపోయి చనిపోయారు. బయట ఏమీ కనపడనప్పుడు మీటర్లు చూసి నడపడం వాళ్లకి సరిగ్గా రాదు. అప్పుడు సైన్యం వచ్చి ఆ ఆటబొమ్మలు ఆరు కొన్నది. రెండో ప్రపంచయుద్ధం అయ్యేసరికి లక్షల మంది దాంట్లో కూర్చుని నేర్చుకున్నారు.

మన దగ్గర అయితే హైదరాబాద్‌లో 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ ఉంది. సైన్యానికీ పోలీసులకీ ఫైరింగ్ సిమ్యులేటర్లు, ట్యాంక్ నడపడం నేర్పే సిమ్యులేటర్లు చేస్తారు, బస్సులూ లారీలూ నడిపే డ్రైవర్ల కోసం కూడా చేశారు. బీటెక్ పిల్లలు కొందరు ‘గేమ్ డెవలప్‌మెంట్ అంటే బెంగళూరో, అమెరికానో పోవాలన్నా’ అంటుంటారు. మన పక్కనే 30 ఏళ్లకి పైగా ఈ పని నడుస్తోంది. గేమ్ అన్న పేరు లేదు కాబట్టి కనపడలేదంతే.

కంటి ఆపరేషన్ అన్నాను కదా. శుక్లాల ఆపరేషన్‌లో లెన్స్ వెనకాల ఒక పల్చటి పొర ఉంటుంది. కొత్త డాక్టర్ చెయ్యి కొంచెం అటూఇటూ అయితే అది చిరుగుతుంది. బ్రిటన్‌లో ట్రైనీ డాక్టర్లు ఒక సిమ్యులేటర్ మీద ప్రాక్టీస్ చేస్తారు. బొమ్మ కన్ను, మైక్రోస్కోప్, కాళ్ల కింద పెడల్స్, స్కోర్ కూడా వస్తుంది. అది అందుబాటులోకి వచ్చిన చోట్ల, మొదటి రెండేళ్ల ట్రైనీలు చేసిన ఆపరేషన్లలో ఆ పొర చిరగడం 2009లో 100కి 4.2 ఉంటే, 2015కి 2.6 అయింది. ఆ తేడా అంతా మనుషుల కళ్లే. మీ తాతదో, మా అమ్మమ్మదో లాంటి కళ్లు.

ఇది ఎందుకు పనిచేసింది? బెలూన్ గేమ్‌లో తప్పుకి శిక్ష లేదు, అందుకని తప్పొప్పులు పట్టించుకోవాల్సిన పనే లేదు. ఇక్కడ చెయ్యి వణికితే పొర చిరుగుతుంది, వెంటనే కనపడుతుంది. కానీ ఏ మనిషీ గుడ్డివాడు కాడు. మళ్లీ మొదలుపెట్టొచ్చు. తప్పు చేసినట్టు తెలియాలి, కానీ తప్పు ఖరీదు తక్కువ ఉండాలి. ఈ రెండూ ఒకేచోట దొరకడం మామూలు జీవితంలో కష్టం.

దీనికి రివర్స్ ఉదాహరణ జీటీఏ. వైస్ సిటీలో ఎన్ని గంటలు బండి నడిపినా హన్మకొండ చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి బండి నడపడం రాదు. ఎందుకంటే అక్కడ గుద్దేస్తే ఏమీ కాదు, కారు పాడైతే ఇంకో కారు గుంజుకోవచ్చు. ఆ రూల్ నేర్పేది అదే. బొమ్మల క్వాలిటీ ఎంత బాగుంటే అంత బాగా నేర్పుతుంది అనుకునేవాళ్లు దీన్ని ఒకసారి ఆలోచించాలి.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ఒక కంపెనీలో ఏటా సెక్యూరిటీ ట్రైనింగ్ ఉండేది. పేరు చెప్పను. ఒక ఏడాది దాన్ని గేమ్ చేశామని గొప్పగా మెయిల్ వచ్చింది. డిటెక్టివ్ వేషంలో ఒక బొమ్మ, ప్రతి స్లైడ్‌కి ఒక బ్యాడ్జ్, ఆఖర్లో లీడర్‌బోర్డ్. మేమంతా మ్యూట్‌లో పెట్టి, ఇంకో స్క్రీన్‌లో పని చేసుకుంటూ నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్. నాకు గోల్డ్ బ్యాడ్జ్ వచ్చింది. ఏం నేర్చుకున్నానంటే నెక్స్ట్ బటన్ ఎక్కడుంటుందో. అదే కంపెనీలో ఐటీ వాళ్లు ఇంకో పని చేసేవాళ్లు. చెప్పకుండా ఒక దొంగ మెయిల్ పంపేవాళ్లు, ‘మీ జీతం స్లిప్‌లో తేడా ఉంది, ఇక్కడ నొక్కండి’ అని. నొక్కినవాడికి వెంటనే ‘దొరికావు బ్రదర్’ అన్నట్టు ఒక పేజీ తెరుచుకునేది. బొమ్మల్లేవు, బ్యాడ్జిల్లేవు. కానీ నా లెక్కలో అసలైన గేమ్ అదే. ఆ తర్వాత మా టీమ్‌లో అందరూ మెయిల్ అడ్రస్ రెండుసార్లు చదివి గానీ నొక్కేవాళ్లు కాదు.

పాయింట్లు, బ్యాడ్జీలు అంటే ఇంకో మాట గుర్తొచ్చింది. రమ్మీ యాప్‌లు కూడా ‘స్కిల్ గేమ్’ అనే చెప్పుకునేవి కదా. తెలంగాణ 2017లోనే డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. ఆ చట్టంలో ఈ-స్పోర్ట్స్‌నీ, డబ్బు పందెం లేని గేమ్స్‌నీ వేరే లెక్కలో పెట్టారు. మంచి పనే. స్కిల్ ఉందా లేదా అనే వాదన కంటే, ఆ యాప్ రూల్ మీతో రోజూ ఏం చేయిస్తోంది అనేది చూడండి. పోయినదాన్ని రాబట్టుకోవడానికి ఇంకొంచెం పెట్టించడమే దాని రూల్. దాన్ని అది అద్భుతంగా నేర్పింది, మన చుట్టూ ఎంతమంది నేర్చుకున్నారో మీకు తెలుసు.

సరే, పిల్లల దగ్గరికి వద్దాం. మన తెలుగు ప్రాంతంలోనే జరిగిన రెండు పాత ప్రయత్నాలు చెప్తా.

ఒకటి హైదరాబాద్‌లో. సుగతా మిత్రా, జేమ్స్ టూలీ, ఇంకొందరు కలిసి చేసిన పని, 2003లో పేపర్ వచ్చింది. తక్కువ ఫీజు తీసుకునే ఒక ప్రైవేట్ బడిలో 16 మంది పిల్లలు. ఇంగ్లిష్ చదువుతారు గానీ గట్టి తెలుగు యాస. వాళ్లకి ఒక కంప్యూటర్ ఇచ్చారు, మనం మాట్లాడితే టైప్ చేసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. పిల్లలు మాట్లాడితే అది పిచ్చిపిచ్చిగా టైప్ చేసింది, అందరూ ఘొల్లుమన్నారు. ‘అదేం అర్థం చేసుకోవట్లేదు సార్’ అంటే, ‘మీరే దానికి అర్థమయ్యేలా చెయ్యండి’ అని వదిలేసి వెళ్లిపోయారు. కొన్ని ఇంగ్లిష్ సినిమాలు కూడా ఇచ్చారు. కొన్ని నెలల్లో పిల్లల ఉచ్చారణ బాగా మారింది. దీన్ని ఎవరూ గేమ్ అనలేదు. కానీ చూడండి, ఎదురుగా మొండి ప్రత్యర్థి, ప్రతి మాటకీ అక్కడికక్కడే ఫలితం, మళ్లీ ప్రయత్నం. పాఠమే ఆట.

అయితే నాకు దీంట్లో ఒక గుచ్చుకునే విషయం ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఏ యాస వస్తే అదే ‘కరెక్ట్’ అయిపోయింది. రూల్ రాసినవాడి యాస అది. మనం తెలంగాణోళ్లం, యాస మీద జోకులు సినిమాల్లో ఎన్నేళ్లు చూశామో మనకి తెలుసు. గేమ్ తయారు చేసేవాడు పెట్టే రూల్‌లో వాడి ఊరు కూడా ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

రెండోది మిల్లీ అనే ప్రాజెక్ట్. 2004లో మొదలైంది, కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీ. మాథ్యూ కామ్ అనే రీసెర్చ్ స్టూడెంట్, ఆయన ప్రొఫెసర్ జాన్ కానీ, వాళ్ల టీమ్. పల్లెటూరి పిల్లలకి సెల్‌ఫోన్ గేమ్స్‌తో ఇంగ్లిష్ నేర్పాలని. టైమ్ గమనించండి, 2004. టచ్ ఫోన్ లేదు, జియో లేదు. బటన్ల ఫోన్, అరచేతిలో నాలుగో వంతు స్క్రీన్. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఏళ్ల తరబడి పనిచేశారు. పిల్లలు పొలం పనులకీ, ఇంటి పనులకీ పోతూ బడి మానేస్తున్నారు, కాబట్టి బడి టైమ్‌కి పిల్లలు రాకపోతే పిల్లల టైమ్‌కి పాఠం పోవాలి అనేది వాళ్ల ఆలోచన. ఒకచోట 26 వారాల పాటు ఫోన్లు పిల్లలకే ఇచ్చి, ఎవరూ బలవంతం చేయకుండా, వాళ్లంతట వాళ్లు ఎంత ఆడతారో, ఎంత నేర్చుకుంటారో చూశారు. ఓ మాదిరిగా నేర్చుకున్నారనీ, ఆసక్తి కూడా ఫర్వాలేదనీ తేలింది. పెద్ద ఎత్తున పరీక్షించడానికి తర్వాత వాళ్లు ఎంచుకున్నది అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెల్ని. 40 ఊళ్లు, 800 మంది పిల్లలు, నోకియా ఇచ్చిన ఫోన్లు.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది మధ్యలో వాళ్లు చేసిన ఒక పని. మొదట్లో మామూలు వీడియో గేమ్స్ పద్ధతిలో గేమ్స్ చేశారు. పల్లెటూరి పిల్లలకి ఆ గేమ్స్ సరిగ్గా అర్థం కాలేదు. ఇంగ్లిష్ సంగతి తర్వాత, అసలు ఆటే అర్థం కాలేదు. వేరేవాళ్లైతే ‘ఈ పిల్లలకి ట్రైనింగ్ ఇద్దాం’ అనేవాళ్లు. వీళ్లు రివర్స్‌లో పోయారు. ఉత్తరాదిలో, దక్షిణాదిలో మూడు చోట్ల పిల్లలు రోజూ ఏం ఆటలు ఆడుతున్నారో కూర్చుని రాసుకున్నారు. 28 ఆటలు. వాటిల్లో రూల్ ఎలా ఉంటుంది, గెలవడం అంటే ఏంటి అని విడదీసి, గేమ్స్ తయారు చేసేవాళ్లు వాటినుంచి ఏం నేర్చుకోవచ్చో రాశారు. 2009లో పేపర్ వేశారు.

మీరే ఆలోచించండి. కుంటాటలో, కోతికొమ్మచ్చిలో, అష్టాచెమ్మాలో లెవెల్ త్రీ ఉంటుందా? నిన్న సంపాదించిన కత్తి ఇవాళ పనికొస్తుందా? ప్రతి ఆటా సున్నా నుంచి మొదలు. ఒంటరిగా ఆడేది ఒక్కటి చెప్పండి. రూల్ మీద గొడవైతే అందరూ ఆగి తేల్చుకుంటారు, చిన్నోడుంటే రూల్ కొంచెం వంచుతారు. అలాంటి పిల్లాడి చేతిలో ఒక ఫోన్ పెట్టి ‘ఒక్కడివే కూర్చుని నాణేలు ఏరుకుంటూ కుడివైపుకి ఉరుకు’ అంటే ‘ఎందుకు?’ అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే.

ఇంకోటి ఫోన్ ఎవరిది అనే ప్రశ్న. 2020 సెప్టెంబర్ 1న మన రాష్ట్రంలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లో డిజిటల్ క్లాసులు మొదలైనప్పుడు గుర్తుందా? టీవీ లేని ఇంట్లో ఫోన్‌లో చూడమన్నారు. మా వీధిలో ఒక ఇంట్లో ఒకే ఫోన్, ముగ్గురు పిల్లలు. పొద్దున నాన్న పనికి పట్టుకెళ్తాడు. సాయంత్రం వచ్చాక ముందు కొడుక్కి. అక్కచెల్లెళ్లకి అన్నం గిన్నెలు కడిగాక, అప్పటికి ఛార్జింగ్ ఉంటే. ఎంత గొప్ప గేమ్ చేసినా అది ఆ గిన్నెల తర్వాతే. గేమ్ తయారు చేసే మనలాంటి వాళ్లు ఈ క్యూని డిజైన్‌లో పెట్టుకోవాలి. ఒకే ఫోన్‌ని నలుగురు కలిసి ఆడే గేమ్స్ ఎందుకంత తక్కువ ఉన్నాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంక నేను ఈ మధ్య చేసిన చిన్న ప్రయోగం. దీనికి ముందు ఒక పాత గేమ్ గురించి రెండు ముక్కలు. 1971 డిసెంబర్, అమెరికాలో మిన్నెసోటా. డాన్ రావిచ్ అనే టీచర్ ట్రైనింగ్‌లో ఉన్న కుర్రాడు, ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి హిస్టరీ క్లాస్ కోసం ‘ఒరెగాన్ ట్రైల్’ అనే గేమ్ రాశాడు. స్క్రీన్ కూడా లేదు, టెలిటైప్ మెషిన్ కాగితం మీద ప్రింట్ కొట్టేది. ఎడ్లబండి కట్టుకుని వేల మైళ్లు వలసపోవాలి. తిండికి ఎంత, ఎడ్లకి ఎంత, బట్టలకి ఎంత అని మొదట్లోనే డబ్బు పంచుకోవాలి. తప్పు లెక్కేస్తే దారిలో చస్తారు. అమెరికాలో తరాల పిల్లలు ఆడారు. దానిమీద ఒక సరైన విమర్శ కూడా ఉంది: అదంతా వలసపోయేవాడి వైపు నుంచే, ఆ నేల అంతకుముందు ఎవరిదో వాళ్ల వైపు నుంచి కాదు. మళ్లీ అదే, రూల్ రాసినవాడి ఊరు.

నాకు మన ఎడ్లబండి ఏంటి అనిపించింది. వరంగల్‌లో ఉండి ఆలోచిస్తే జవాబు ఒకటే, పత్తి. ఎనుమాముల మార్కెట్‌కి వచ్చే పత్తి బండ్లు చూసి పెరిగినవాళ్లం. జూన్‌లో మృగశిర కార్తె వస్తుంది, ఒక వాన పడుతుంది. ఇప్పుడు గింజలు పెట్టాలా, ఇంకో వాన దాకా ఆగాలా? పెట్టాక వాన ముఖం చాటేస్తే గింజ మొలవదు, ఇంకో ప్యాకెట్ కొని మళ్లీ పెట్టాలి. ఆగితే అదును పోతుంది. పదో తరగతిలో సంభావ్యత అని ఒక చాప్టర్ ఉంది. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం ఎంత? ఎవడికి కావాలండీ నాణెం? వాళ్లింట్లో ప్రతి జూన్‌లో సంభావ్యత జరుగుతుంటే!

కోడ్ రాయలేదు. కాగితం, చింతగింజలు, నాలుగు గవ్వలు, అంతే. జట్టుకి 10 గింజలు, ఒక్కోటి ఒక ప్యాకెట్ అనుకోవాలి. ఒక్కో వారం ఒక్కసారి గవ్వలు వేస్తాం. రెండు లేక అంతకంటే ఎక్కువ వెల్లకిలా పడితే వాన. వాన పడ్డ వారమే విత్తాలి, ఎన్ని గింజలైనా విత్తొచ్చు. తర్వాతి వారం కూడా వాన పడితేనే అవి మొలుస్తాయి, లేకపోతే పోయినట్టే. మొదటి వారం విత్తింది మొలిస్తే గింజకి 6 పాయింట్లు, రెండో వారానిది 5, మూడో వారానిది 4, నాలుగో వారానిది 3. తర్వాత విత్తడం లేదు.

వరంగల్ దగ్గర ఒక సర్కారు బడిలో టీచర్ ఒక పీరియడ్ ఇచ్చారు. తెలుగు మీడియంలో ఆడించాను. మొదటి వాన పడగానే ఐదు జట్లలో మూడు జట్లు పదికి పదీ పెట్టేశాయి. రెండో వారం గవ్వలన్నీ బోర్లా పడ్డాయి. క్లాస్‌లో సౌండ్ లేదు. ఒకమ్మాయి జట్టు మాత్రం ఐదు పెట్టి ఐదు దాచుకుంది. ‘ఎందుకు దాచినవమ్మా’ అంటే ‘మా బాపు గట్లనే చేస్తడు సార్’ అంది. నిజానికి లెక్క వేస్తే, వందసార్లు ఆడితే సగటున ఎక్కువ వచ్చేది అన్నీ ఒకేసారి మొదట్లోనే పెట్టినవాడికే. బోర్డు మీద వేసి చూపించా. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి, ‘సార్, వందేండ్లు ఎవరు ఎవుసం చేస్తరు’ అన్నాడు.

సగటు వేరు, ఈ ఏడు సున్నా కాకుండా బయటపడటం వేరు. ఈ తేడా నేను బీటెక్‌లో ప్రాబబిలిటీ సబ్జెక్ట్ చదివి కూడా ఇంత బాగా వినలేదు.

అసలు మజా తర్వాత వచ్చింది. గింజలు పోయిన జట్టు లేచి, ‘సార్, మళ్లీ పెట్టుడు లేదా?’ అన్నారు. గింజలెక్కడివి అంటే, ‘అడ్తి సేటు ఇస్తడు కద’. క్లాస్ అంతా కలిసి రూల్ రాసింది, నేను బోర్డు దగ్గర గుమస్తాని అయిపోయా. సేటు దగ్గర 5 గింజలు తీసుకుంటే పంట వచ్చాక 15 పాయింట్లు ఇవ్వాలి. పంట రాకపోతే ఆ 15 వచ్చే ఏటికి బాకీ. అంటే ఆట ఒక ఏడుతో అయిపోదు, రెండో ఏడు ఆడాలి. ఒక్క రూల్‌తో గేమ్ మొత్తం మారిపోయింది. రెండో ఏడు ఎవరూ పదికి పది పెట్టలేదు.

టీచర్ ఇంకో మంచి పని పట్టుకున్నారు. నాణెం అయితే బొమ్మా బొరుసూ సగం సగం. గవ్వ అలా కాదు, దాని ఆకారమే వేరు. అందుకని పిల్లల చేత ఒక్కో గవ్వని 100 సార్లు వేయించి, ఎన్నిసార్లు వెల్లకిలా పడిందో లెక్క రాయించారు. పుస్తకంలో ప్రయోగ పద్ధతి అని రెండు లైన్లలో ఉండేది అదే. ఈసారి ఎవరూ ‘ఎందుకు సార్’ అని అడగలేదు, వాన ఎంత పడుతుందో తెలియాలి కదా.

30 మంది పిల్లలు, ఒక పీరియడ్. దీంతో ఏదీ రుజువైపోయిందని నేను అనట్లేదు. పరీక్షలో మార్కులు పెరుగుతాయో లేదో మార్కులు వచ్చాకే మాట్లాడదాం. కానీ ఇందాకటి పరీక్ష పెట్టి చూడండి. ఇందులోంచి సంభావ్యత తీసేసి పక్షుల పేర్లు పెట్టగలరా?

బీటెక్‌లో ఉండి ఏదైనా గేమ్ చేద్దామనుకుంటున్న వాళ్లకి ఒక మాట. గోడో అనే గేమ్ ఇంజిన్ ఫ్రీ, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. స్క్రాచ్ అయితే హైస్కూల్ పిల్లలు కూడా నేర్చుకోవచ్చు. కానీ మొదటి నెల కంప్యూటర్ తెరవకండి. చింతగింజలతో ఆడించండి, పిల్లలు రూల్ ఎక్కడ వంచుతున్నారో రాసుకోండి. ఆ వంచిన చోటే మీ గేమ్ ఉంటుంది. గ్రాఫిక్స్ తర్వాత సంగతి. ఇంకా, మీ లెక్కల టీచర్‌ని అడగండి, ‘సార్, మీరు ఏ చాప్టర్ చెప్పేటప్పుడు క్లాస్ నిద్రపోతుంది’ అని. ప్రాజెక్ట్ టాపిక్ కోసం యూట్యూబ్‌లో వెతకడం కంటే నయం.

పత్తి ఆట రూల్స్ అన్నీ ఒక పేజీలో రాసి, పిల్లలు రాసిన సేటు రూల్‌తో సహా, ఈ ట్రాన్‌స్క్రిప్ట్ పక్కనే పెట్టా. ప్రింట్ తీసుకోండి, గవ్వలు లేకపోతే చింతగింజల్ని సగానికి పగలగొట్టి వాడుకోండి, ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు. వచ్చే వారం ఆ బడికి మళ్లీ పోతున్నా. పోయినసారి బెల్ కొట్టాక ఒకబ్బాయి ఆపి, ‘సార్, మాకు సొంత భూమి లేదు, కౌలు రూల్ ఎప్పుడు పెడ్తరు’ అని అడిగాడు. ఆ రూల్ వాడితోనే రాయించాలని ఉంది. రాశాక ఎలా నడిచిందో ఇంకో ఎపిసోడ్‌లో చెప్తా. ఉంటా మరి.